కేసు వద్దు, కొట్టకుండా ఉంటే చాలంటున్నారు. వినేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

కన్నవాళ్ల మీద పిల్లల దౌర్జన్యం గురించి మన పేపర్లలో రెండే రకాల వార్తలు వస్తాయి. ఒకటి, ఆస్తి కోసం తల్లినో తండ్రినో చంపేశాడని. రెండోది, పట్టించుకోని కొడుకు దగ్గర్నుంచి పొలం వెనక్కి రాయించి ఆర్డీవో గారో కలెక్టర్ గారో ముసలాయన చేతిలో కాగితాలు పెట్టారని, పక్కన ఫొటోతో సహా. మొదటిది చదివి అయ్యో అనుకుంటాం, రెండోది చదివి తగిన శాస్తి అనుకుంటాం, పేజీ తిప్పేస్తాం. ఈ రెండింటికీ మధ్యలో ఏళ్ల తరబడి నడిచేది ఒకటుంది. రాత్రి తాగొచ్చి తలుపు తన్నడం, పింఛను డబ్బులు లాక్కోవడం, అడిగితే చెయ్యి మెలిపెట్టడం, కళ్లజోడు విరగ్గొట్టి మళ్లీ కొనివ్వకపోవడం, ఎదురుగా కూర్చున్నా నెలల తరబడి పలకరించకపోవడం. దీని గురించి ఎవరూ రాయరు, ఎందుకంటే ఇది వార్త కాదు, రోజూ ఉండేదే.

నేను రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యాను. అందులో కొంతకాలం ఆర్డీవో కార్యాలయంలో సీనియర్ సిటిజన్ల కేసుల ఫైళ్లు చూశాను. ఏ ఊరు, ఏ ఆఫీసు అన్నది ఇక్కడ అనవసరం, దాదాపు అన్నిచోట్లా ఇంతే. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ఆ చట్టం కింద ట్రిబ్యునల్, అంటే కేసు విని తేల్చేది, మన దగ్గర ఆర్డీవోనే. అప్పీలు వినేది కలెక్టర్. లాయర్ అక్కర్లేదు, కోర్టు ఫీజు గొడవ లేదు, తెల్లకాగితం మీద రాసిచ్చినా తీసుకోవాలి. రాయలేని స్థితిలో ఉంటే వాళ్ల తరఫున ఇంకొకరు ఇవ్వొచ్చు. ఎవరూ ఇవ్వకపోయినా, విషయం తెలిస్తే ట్రిబ్యునల్ తనంతట తానే కేసు తీసుకోవచ్చు (ఈ చివరి మాట చాలామంది ఆర్డీవోలకే గుర్తుండదు). కాగితం మీద చూస్తే చాలా మంచి చట్టం.

కానీ ఒకసారి ఒక పెద్దావిడ విచారణకి వచ్చింది. కొడుకూ వచ్చాడు, ఇద్దరూ ఒకే ఆటోలో దిగారు. ఆవిడ పైట కొంగు ముంజేతి దాకా కప్పుకుని ఉంది, వేసవి కాలం, ఆ కొంగు మాత్రం తియ్యదు. "ఏమ్మా, నెలకి ఎంత ఇప్పించమంటావు?" అని అడిగారు మా ఆర్డీవో సార్. ఆవిడ కొడుకు వైపు ఒకసారి చూసి, "డబ్బులేం వద్దు బాబూ, రాత్రిపూట నా జోలికి రాకుండా ఉంటే చాలు, నాకింకేం అక్కర్లేదు" అంది. గదిలో ఒక్క క్షణం ఎవరికీ ఏమనాలో తోచలేదు. ఆ ఫారంలో పోషణ ఖర్చు ఎంత అని రాసే గడి ఉంది గానీ ఈ మాట రాసుకునే గడి లేదు. చివరికి కొడుకుని నాలుగు మందలించి, నెలకింతని ఒక మొత్తం రాసి, ఇద్దరి చేతా సంతకాలు పెట్టించారు. ఫైలు మూసేశాం. ఇద్దరూ మళ్లీ ఒకే ఆటో ఎక్కారు.

సార్ చెడ్డవాడని కాదు. ఆయనకి చట్టం ఇచ్చిన పనిముట్లే అవి. మన వ్యవస్థకి అన్నం పెట్టకపోవడం అర్థమవుతుంది, ఆస్తి రాయించుకుని గెంటేయడం అర్థమవుతుంది. కొట్టే కొడుకుతో ఒకే ఇంట్లో ఉంటూ, వాణ్ణి జైలుకి పంపడం ఇష్టం లేక, వాడి చేతిలో దెబ్బలు తినడమూ ఓర్చుకోలేక నలిగిపోయే మనిషికి ఏం చెయ్యాలన్నది ఎవరూ ఆలోచించలేదు. నేను ఈ ఉత్తరం రాస్తున్నది ఆ ఒక్క విషయం గురించే.

చట్టం లెక్క ఒకసారి చూడండి. పోషణ ఖర్చు గరిష్ఠంగా నెలకు 10,000 రూపాయలు, అదీ 2007 నాటి లెక్క, ఇప్పటికీ అంతే. నోటీసు అందాక 90 రోజుల్లో తేల్చాలి, మరీ తప్పకపోతే ఇంకో 30 రోజులు. డబ్బుల కేసుకి ఆ గడువు ఫర్వాలేదేమో, దెబ్బలు తినేవాళ్లకి 90 రోజులంటే 90 రాత్రులు. తల్లిదండ్రుల్ని వదిలేస్తే మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. అది కూడా 'వదిలేస్తే'. వదలకుండా దగ్గరే ఉంచుకుని చితకబాదితే అసలు ఈ చట్టంలో దానికంటూ ఒక పేరు లేదు. వేధింపు అంటే ఏమిటో నిర్వచించి, కొట్టడం, తిట్టడం, మానసికంగా హింసించడం అన్నీ అందులో చేర్చి, ప్రతి పోలీస్ స్టేషన్లో పెద్దవాళ్ల కోసం ఒక నోడల్ ఆఫీసర్ ఉండాలని, ఆ 10,000 పరిమితి ఎత్తేయాలని, కోడలూ అల్లుడూ కూడా బాధ్యులేనని చెబుతూ 2019 డిసెంబరులో కేంద్రం ఒక సవరణ బిల్లు పెట్టింది. పార్లమెంటు స్టాండింగ్ కమిటీకి వెళ్లింది, నివేదిక కూడా వచ్చింది, ఆ తర్వాత అది పాస్ కాకుండానే 2024లో లోక్‌సభ గడువు ముగిసిపోయింది. దాని గురించి ఒక్క ఎన్నికల సభలో ఒక్క నాయకుడైనా మాట్లాడగా నేను వినలేదు.

ఇంకో సంగతి. ఈ చట్టానికి 60 ఏళ్లు నిండాలని అందరూ అనుకుంటారు. తల్లిదండ్రులైతే నిండక్కర్లేదు. కన్నవాళ్లు, దత్తత తీసుకున్నవాళ్లు, సవతి తల్లి, సవతి తండ్రి, ఎంత వయసున్నా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇది చెప్పడం ఎందుకంటే, దెబ్బలు తినే తల్లి అనగానే మనకి ఎనభై ఏళ్ల అవ్వ గుర్తొస్తుంది. యాభై రెండేళ్ల తల్లి, పాచిపని చేసి సంపాదించి తెచ్చుకుంటే ఇరవై ఎనిమిదేళ్ల కొడుకు ఆ డబ్బులు లాక్కుని తంతాడు, ఆవిడ మన కంటికే ఆనదు. సీనియర్ సిటిజన్ల హెల్ప్‌లైన్‌ తనకి కాదనుకుంటుంది, వృద్ధాశ్రమం అన్న ఊహే రాదు, మొగుడు కొడితే వెళ్లే చోటికి కొడుకు కొడితే వెళ్లొచ్చని ఆవిడకి ఎవరూ చెప్పరు.

నిజానికి వెళ్లొచ్చు. గృహహింస చట్టం, 2005 ఉందే, అది భార్యలకి మాత్రమే అని మన జనానికి ఒక గట్టి నమ్మకం. తల్లి కూడా కొడుకు మీద పెట్టొచ్చు. కూతురి మీదా కోడలి మీదా కూడా పెట్టొచ్చు, 2016లో సుప్రీంకోర్టు ఆ చట్టంలోంచి 'వయోజన పురుషుడు' అన్న మాటల్ని కొట్టేసింది. మహిళా శిశు సంక్షేమ శాఖలో ప్రొటెక్షన్ ఆఫీసర్ ఉంటారు, వాళ్ల ద్వారా మేజిస్ట్రేటు దగ్గర రక్షణ ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. ఆ ఉత్తర్వులో నాకు నచ్చింది ఏమిటంటే, అందులో ముందే జైలు లేదు. ఇకమీదట చెయ్యి ఎత్తకు, దగ్గరికి రాకు అని కోర్టు చెబుతుంది, మీరితే అప్పుడు ఏడాది దాకా శిక్ష. కొడుకు మీద కేసు పెట్టాలంటే వణికిపోయే తల్లికి ఇంతకన్నా సరిపోయే మార్గం నాకు కనపడలేదు. అయినా మా ఆఫీసుకి వచ్చిన ఒక్క తల్లికి కూడా ఈ దారి ఉందని అప్పటికే తెలిసి ఉన్న దాఖలా లేదు, మేం కూడా మా ఫారం మేం నింపుకున్నాం తప్ప పక్క శాఖకి పంపాలన్న పద్ధతి ఎక్కడా లేదు.

తండ్రికి ఆ దారీ లేదు. గృహహింస చట్టం ఆడవాళ్లకే. మహిళల హెల్ప్‌లైన్‌ 181కి ఫోన్ చేస్తే తల్లికి, హింసకి గురైన ఆడవాళ్ల కోసం పెట్టిన సఖి కేంద్రంలో కొన్నాళ్లు చోటు దొరకొచ్చు, తండ్రికి రాత్రి పదకొండింటికి బస్టాండే గతి. మగవాడు కొడుకు చేతిలో దెబ్బలు తిన్నానని చెప్పుకోవడమే ఒక అవమానం, దానికి తోడు చెప్పుకున్నా పోవడానికి చోటు లేదు.

వృద్ధాశ్రమాలు లేవా అంటారు. ఆ చట్టంలోనే జిల్లాకి కనీసం ఒకటి, 150 మంది నిరుపేద వృద్ధులకి సరిపడేలా, రాష్ట్ర ప్రభుత్వాలు పెట్టొచ్చని ఉంది. 'పెట్టొచ్చు' అనే ఉంది, 'పెట్టాలి' అని లేదు, ఇక మిగతాది మీకే తెలుసు. పైగా ఆశ్రమం అంటే ఇల్లు వదిలేసి పోయి మిగిలిన జీవితం అక్కడ గడపడం. వీళ్లలో ఎక్కువమందికి అది అక్కర్లేదు. ఇల్లు వాళ్లదే, కష్టపడి కట్టుకున్నదే, పోవాల్సింది వాళ్లు ఎందుకు? వాళ్లకి కావలసింది గొడవ చల్లారే దాకా రెండు మూడు రాత్రులు తలుపు గడియ పెట్టుకుని నిద్రపోయే ఒక గది. ఏ కాగితాలూ అడక్కుండా, ఆడా మగా ఎవరొచ్చినా సరే తీసుకునే గది. ప్రతి రెవెన్యూ డివిజన్‌లో అలాంటివి నాలుగు గదులు నడపడం ప్రభుత్వానికి పెద్ద ఖర్చేమీ కాదు.

హెల్ప్‌లైన్‌ సంగతికి వస్తే, 14567 మంచిదే, ఎల్డర్‌లైన్ అంటారు, ఓపిగ్గా మాట్లాడతారు, మన భాషలోనే మాట్లాడతారు. కానీ అది ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పనిచేస్తుంది. తాగుబోతు కొడుకు ఇంటికొచ్చేదే తొమ్మిదింటికి. ఆ టైముకి 112 ఉంది, పోలీసులు వస్తారు, వచ్చి "ఏంట్రా అమ్మని కొడతావా" అని రెండు తగిలించి, "సర్దుకోండమ్మా, మీ ఇంటి విషయం" అని వెళ్లిపోతారు. వాళ్ల జీపు మలుపు తిరగ్గానే లోపల ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు కదా. పోలీసుల్ని పిలిచినందుకు పడే దెబ్బలు మామూలు దెబ్బల కంటే గట్టిగా ఉంటాయి, అందుకే రెండోసారి ఎవరూ పిలవరు. పిలవలేదు కాబట్టి అంతా సర్దుకుందని రికార్డుల్లో ఉంటుంది.

రాజీలూ అంతే. ట్రిబ్యునల్ విచారణకి ముందు రాజీ అధికారికి పంపొచ్చు, నెలలో ఆయన తేల్చాలి. రాజీ మంచిదే, నేను కాదనను, డబ్బు తగాదాల్లో చాలా వాటికి అదే దారి. కానీ కొట్టేవాణ్ణీ దెబ్బలు తినేవాళ్లనీ పక్కపక్కన కూర్చోబెట్టి "చెప్పమ్మా నీ బాధేంటో" అంటే ఏం చెబుతుంది? సాయంత్రం వాడితో కలిసే ఇంటికి పోవాలి కదా. ముందు విడిగా కూర్చోబెట్టి మాట్లాడాలి, ఆ కప్పుకున్న కొంగు సంగతి ఒక ఆడ ఉద్యోగి చేత నెమ్మదిగా అడిగించాలి. రాజీ అయ్యాక ఎవరో ఒకరు వారానికీ, నెలకీ, మూడు నెలలకీ ఫోన్ చేసి అడగాలి, కుదిరితే ఇంటికెళ్లి చూడాలి. ఇది చెయ్యడానికి కొత్త చట్టం అక్కర్లేదు, పార్లమెంటు అక్కర్లేదు, కలెక్టర్ గారి సర్క్యులర్ ఒకటి చాలు.

ఇంటికెళ్లే మనుషులు మన దగ్గర లేకపోలేదు కూడా. ఆంధ్రప్రదేశ్‌లో నెల నెలా ఒకటో తారీఖున సచివాలయ ఉద్యోగి ఇంటి గుమ్మంలోకి వచ్చి 4,000 పింఛను చేతికి ఇస్తున్నాడు. ఇంత దగ్గరగా, ఇంత క్రమంగా ప్రతి పెద్దమనిషినీ చూసే ప్రభుత్వ మనిషి ఇంకొకరు లేరు. ఆ ఉద్యోగికి కళ్లు ఉంటాయి, అరచేతి నిండా డబ్బు పడగానే పక్కనే నిలబడ్డ మనవడో కొడుకో చెయ్యి చాచడం ఆయన చూస్తూనే ఉంటాడు, బుగ్గ మీద కమిలిన మచ్చా చూస్తాడు. చూసింది ఎవరికి చెప్పాలో మాత్రం ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఏఎన్‌ఎంలు, ఆశా వర్కర్లు రెండు రాష్ట్రాల్లోనూ బీపీ షుగర్ చూడ్డానికి ఇళ్లకి వెళ్తారు. వీళ్ల మీద ఇప్పటికే మోయలేనంత పని ఉందని నాకూ తెలుసు. వాళ్లని ఇంకో ఫారం నింపమనడం లేదు, అనుమానం వస్తే ఫోన్ చెయ్యడానికి ఒక నంబరు, ఆ ఫోన్ ఎత్తడానికి ఒక మనిషి, అంతే అడిగేది.

అసలు వీళ్లు ఎందుకు బయటికి చెప్పరు అని ఉద్యోగంలో చేరిన కొత్త పిల్లలు అడిగేవారు. పరువు అని ఒక్క మాటలో చెప్పేయొచ్చు కానీ అది సగమే. మొగుడు కొడితే మొగుడు చెడ్డవాడంటారు, కొడుకు కొడితే పెంపకం చెడ్డదంటారు. దెబ్బ తిన్నదీ వాళ్లే, తప్పు చేసిందీ వాళ్లే అవుతారు. మనవలు కళ్లముందు లేకుండా పోతారన్న భయం ఇంకోటి. రేపు పోతే తలకొరివి పెట్టేది వాడే కదా అన్న మాట నేను ఆ వరండాలో ఎన్నిసార్లు విన్నానో. బంధువులకి చెబితే "కొడుకన్నాక ఓ మాట అంటాడు, సర్దుకుపోవాలి" అంటారు. నాకు ఒళ్లు మండేది ఈ 'సర్దుకుపో'తోనే. ఎవరైనా పెద్దవాళ్లు మీ దగ్గర ఇలాంటిది నోరు జారితే దయచేసి ఆ మాట అనకండి. నమ్మండి. వాళ్లతో కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లండి, దెబ్బ ఎలా తగిలిందో చీటీలో రాయించండి. పింఛను పాస్‌బుక్కు, ఆధార్, ఇంటి కాగితాల నకళ్లు మీ ఇంట్లో ఒక కవర్లో పెట్టుకోండి. కేసు పెడతారా లేదా అన్నది వాళ్లిష్టం, ఆ తొందర మనం పెట్టకూడదు.

కొడుకుల గురించి కూడా ఒక మాట చెప్పాలి. అందరూ రాక్షసులు కారు. తాగుడు, ఉద్యోగం పోవడం, బెట్టింగు యాప్‌ల అప్పులు, వైద్యం చేయించని మానసిక జబ్బు, వీటిలో ఒకటో రెండో ఉంటాయి. ఆ తల్లికి ఇది అందరికంటే బాగా తెలుసు, అందుకే జైలు వద్దంటుంది. వాడికి వైద్యం కావాలి అంటుంది. ఎక్కడికి తీసుకెళ్లాలో ఆవిడకి ఎవరు చెబుతారు? వ్యసనాలకి 14446, మానసిక సమస్యలకి టెలి మానస్ 14416 ఉన్నాయి, హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. రానంటూ మొరాయించే ముప్పై ఏళ్ల మగవాణ్ణి అరవై ఏళ్ల మనిషి బస్సెక్కించి తీసుకెళ్లగలదా? ట్రిబ్యునల్ ఉత్తర్వులో "నెలకి ఇంత ఇవ్వాలి" అని రాసే చోట "డీ అడిక్షన్ సెంటర్‌కి వెళ్లాలి, ఫలానా తేదీకి వెళ్లినట్టు కాగితం చూపాలి" అని రాసే వీలు కూడా కల్పించాలి. అలాగని జబ్బు ఉంది కదా అని దెబ్బల్ని క్షమించమనడం లేదు. వైద్యం జరుగుతున్నన్నాళ్లూ వాడు వేరేచోట ఉండాలి.

వేరేచోట ఉంచడం అంటే గుర్తొచ్చింది, ఇంట్లోంచి ఖాళీ చేయించే అధికారం ట్రిబ్యునల్‌కి ఉందా లేదా అని మా కాలంలో పెద్ద సందేహం. పెద్దవాళ్ల రక్షణకి అవసరమైతే ఉందని సుప్రీంకోర్టు 2020లో ఎస్.వనిత కేసులో చెప్పింది, అయితే కోడలికి ఆ ఇంట్లో ఉండే హక్కునీ చూసుకోవాలంది, అదీ న్యాయమే, మొగుడు తాగుబోతైతే ఆ అమ్మాయి మాత్రం ఏం చేసింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో మళ్లీ అదే అధికారం ఉందని చెప్పి, కొడుక్కి రాసిన గిఫ్టు డీడ్ రద్దు చేసి ఆస్తి తల్లికి ఇప్పించింది. కాబట్టి అధికారం లేదని ఫైలు తిప్పి పంపే రోజులు పోయాయి. రాసిచ్చేవాళ్లకి మాత్రం నా సలహా ఒకటే, "ప్రేమాభిమానములతో" అని దస్తావేజులో రాయించి ఊరుకోకండి, నన్ను పోషించాలి, లేకపోతే ఇది రద్దు అన్న షరతు కూడా రాయించండి, బతికున్నన్నాళ్లూ ఇల్లు అనుభవించే హక్కు మీ దగ్గరే ఉంచుకోండి. సబ్ రిజిస్ట్రార్లు ఈ ఒక్క ప్రశ్న అడగడం తప్పనిసరి చేస్తే సగం కేసులు మా దాకా రావు.

కన్నవాళ్లని చూడని ప్రభుత్వ ఉద్యోగుల జీతాల్లో కోత పెట్టాలన్న వాదన కూడా ఈమధ్య వింటున్నాం. అస్సాంలో 2017లోనే అలాంటి చట్టం చేశారు, మన దగ్గర కూడా ఆ మాట వినిపిస్తోంది. చెయ్యండి, మంచిదే. కానీ అది ప్రభుత్వ ఉద్యోగం ఉండి అన్నం పెట్టని కొడుక్కి మందు. నేను చూసిన కొట్టే కొడుకుల్లో చాలామందికి జీతమే లేదు, తల్లి పింఛను మీద బతుకుతున్నారు.

చివరగా మీ పేపరుకి ఒక మనవి. అరవై దాటినవాళ్లలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఏదో ఒక రకం వేధింపుకి గురవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అంటే మీ పాఠకుల్లోనూ ఉన్నారు. జూన్ 15న వృద్ధులపై వేధింపుల అవగాహన దినం అని ఒక ప్రత్యేక కథనం వేస్తారు, మళ్లీ ఏడాది దాకా మాట ఉండదు. దానికి బదులు జిల్లా ఎడిషన్‌లో రోజూ బంగారం ధరలు వేసే చోటుకి పక్కనే 14567, 181, 112 నంబర్లు, మీ డివిజన్ ఆర్డీవో ఆఫీసు ఫోన్ నంబరు వెయ్యండి. ఆ మూల అందరూ చూస్తారు, ఇంట్లో ఎవరి కంటా పడకుండా రాసుకోవచ్చు కూడా. ఏడుస్తున్న ముసలావిడ ఫొటో, పేరు, ఊరు వెయ్యడం మానండి. అది అచ్చయిన రాత్రి ఆవిడ ఉండేది ఆ ఇంట్లోనే. పేరు లేకుండా వార్త వేసి, వివరాలు ఆర్డీవోకి మీ విలేకరి చేత అందజేయించండి, తనంతట తాను కేసు తీసుకునే అధికారం ఆయనకి ఉందని పైన చెప్పాను కదా. తర్వాత ఏమైందో రెండు నెలలకి మళ్లీ ఒక చిన్న వార్త వెయ్యండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ రెవెన్యూ ఉద్యోగి